అంకె సాక్ష్యం చెప్పాలంటే

1857లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి సీలు వేసిన కవరు ఒకటి చేరింది. పంపినది ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన ఫాక్స్ టాల్బట్. లోపల ఉన్నది అస్సీరియా రాజు మొదటి తిగ్లత్ పిలేసర్ శాసనానికి ఆయన చేసిన అనువాదం. క్యూనిఫాం లిపిని చదవగలుగుతున్నామని కొందరు పండితులు అప్పటికే చెబుతున్నారు. ఒకే గుర్తును ఇన్ని రకాలుగా పలికిస్తూ చదివే చదువేమిటి, అదంతా ఊహాగానమేనని మరికొందరు కొట్టిపారేస్తున్నారు. టాల్బట్ ఒక దారి సూచించారు. అదే శాసనాన్ని మిగతావారూ విడివిడిగా అనువదించి పంపాలి, అన్నిటినీ ఒకేసారి తెరవాలి. హెన్రీ రాలిన్సన్, ఎడ్వర్డ్ హింక్స్, జూల్ ఒపెర్ ఒప్పుకున్నారు. మే నెలలో ఒక కమిటీ నాలుగు కవర్లనూ విప్పి పోల్చింది. వివరాల్లో తేడాలు కనిపించినా శాసనం మొత్తం చెబుతున్నదేమిటో నలుగురూ దాదాపు ఒకేలా చదివారు.

ఆ నాలుగు అనువాదాలూ నాలుగు దిక్కులకు పోయి ఉంటే క్యూనిఫాం చదువు ఆ రోజే కుప్పకూలేది. ఓడిపోయే అవకాశాన్ని ముందే ఒప్పుకుని బరిలోకి దిగడం, ఒకరి జవాబు మరొకరి కంట పడకుండా చూడడం, తీర్పును మూడో మనిషికి వదిలిపెట్టడం ఆ పరీక్షకు బలం. భాషాధ్యయనంలో ఇంత శుభ్రమైన పరీక్షలు అరుదు. ఇవాళ భాష గురించిన అంకెలకు కొదవ లేదు. ఏ మాట ఎన్నిసార్లు వస్తుంది, ఏ భాష ఎంత పాతది, ఏ యంత్రం ఎంత బాగా అనువదిస్తుంది, అన్నిటికీ లెక్కలున్నాయి. అయితే ప్రతి లెక్కనూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ప్రతిపాదన తప్పయి ఉంటే ఈ అంకె వేరుగా వచ్చేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని అంకె ఎంత పెద్దదైనా అలంకారంగానే మిగులుతుంది.

గణితం పెద్దగా రాకముందే భాషాశాస్త్రం ముందుచూపుతో చెప్పడం నేర్చుకుంది. 1879లో ఫెర్డినాండ్ డి సొస్యూర్‌కు 21 ఏళ్ళు. ఇండో-యూరోపియన్ మూలభాషలో అచ్చుల మార్పులు పద్ధతిగా కుదరాలంటే, అప్పటికి తెలిసిన ఏ భాషలోనూ మిగలని కొన్ని ధ్వనులు ఒకప్పుడు ఉండి తీరాలని ఆయన తేల్చారు. అవి ఎలా పలికేవో చెప్పలేదు, ఎక్కడ ఉండేవో మాత్రం చెప్పారు. 1915లో హ్రోజ్నీ హిట్టైట్ భాష గుట్టు విప్పారు. 1927లో కురిలోవిచ్ ఆ భాష పలకల్లో హకారం లాంటి ధ్వని ఒకటి సొస్యూర్ ఊహించిన చోట్లలో చాలావాటిలో కనిపిస్తోందని చూపించారు. అప్పటికి సొస్యూర్ పోయి 14 ఏళ్ళు. రాసిన మనిషి చూడని సాక్ష్యం వచ్చి రాతను నిలబెట్టింది.

తెలుగుకు ఈ చరిత్రలో సొంత భాగం ఉంది. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ధాతువుల పట్టికలు పక్కపక్కన పెట్టి వాదించారు. ఆ కుటుంబం లోపలి చుట్టరికాలను లెక్కతో తేల్చిన పని మాత్రం భద్రిరాజు కృష్ణమూర్తిది. తమిళంలో ఉరల్ అన్నది తెలుగులో రోలు. ఇరండు మన దగ్గర రెండయింది, అవర్ వారయింది. మాట మొదట్లోని అచ్చు వెనక్కి జరిగి హల్లు ముందుకొచ్చే ఈ మార్పు గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లో అన్ని మాటలకూ ఒకేసారి పట్టలేదు. కొన్ని మారాయి, కొన్ని పాత రూపంలోనే ఉన్నాయి. ఈ అసంపూర్ణతనే ఆయన కొలబద్దగా వాడారు.

1983లో గణాంకవేత్తలు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసం ఈ ఆరు భాషల గురించే. ఆరు భాషలను రెండేసి కొమ్మలుగా చీల్చుకుంటూ పోతే 945 వంశవృక్షాలు సాధ్యమవుతాయి. 63 మాటల్లో ఏవి ఎక్కడ మారాయో, ఎక్కడ మారలేదో చూసి, ఒక్కొక్క వృక్షాన్నీ నమ్మాలంటే మార్పు ఎన్నిసార్లు విడివిడిగా జరిగి ఉండాలో లెక్కించారు. అన్నిటికంటే తక్కువ మార్పులతో సరిపెట్టిన వృక్షం, అంతకుముందు వేరే ఆధారాలతో కట్టిన వృక్షంతో కలిసింది. తప్పిపోవడానికి 944 దారులున్న చోట సరైన దారి దొరికింది కాబట్టే ఈ ఫలితానికి బరువు. కంప్యూటర్లతో భాషా వంశవృక్షాలు గీయడం ఆ తర్వాత పెద్ద రంగమైంది. అంతకు రెండు దశాబ్దాల ముందే తెలుగు పండితుడొకరు చేసిన ఈ పని తెలుగు పాఠకులకు ఇంకా బాగా తెలియాల్సి ఉంది.

అక్షరాల వరసలకు సంభావ్యత లెక్క మొదలైంది రష్యాలో, అదీ ఒక వాదంలో. 1913 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆండ్రే మార్కోవ్, పుష్కిన్ ‘యెవ్గేనీ ఒనేగిన్’ నుంచి 20,000 అక్షరాలను చేత్తో లెక్కపెట్టిన ఫలితాలు వినిపించారు. అచ్చులు 8,638, హల్లులు 11,362. అంటే ఏ అక్షరమైనా అచ్చయ్యే సంభావ్యత 0.43. కానీ ముందున్నది అచ్చయితే అది 0.13కు పడిపోతోంది, ముందున్నది హల్లయితే 0.66కు పెరుగుతోంది. ఈ శ్రమంతా దేనికంటే, నెక్రాసోవ్ అనే గణితవేత్త వాదనకు జవాబివ్వడానికి. సగటులు స్థిరపడాలంటే ఘటనలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదని, సమాజపు లెక్కలు స్థిరంగానే ఉంటున్నాయి కాబట్టి మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉందని నెక్రాసోవ్ అనేవారు. ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ అక్షరాల్లో కూడా సగటు నిలకడగా వస్తుందని చూపి మార్కోవ్ ఆ వాదన మొదటి మెట్టు తీసేశారు. ఆ లెక్క నుంచే షానన్ 1948 నాటి సమాచార సిద్ధాంతానికీ, ఇవాళ్టి భాషా నమూనాలకూ దారి పడింది.

అంకె అందంగా ఉండి కూడా ఏమీ రుజువు చేయని సందర్భం జిఫ్ నియమం. హార్వర్డ్‌లో జార్జ్ జిఫ్ గమనించినదేమిటంటే, మాటలను వాడుక ప్రకారం వరసలో పెడితే రెండో మాట మొదటిదానిలో సుమారు సగం సార్లు, పదోది పదో వంతు సార్లు వస్తుంది. ఏ భాష తీసుకున్నా దాదాపు ఇదే వాలు. మనిషి తక్కువ శ్రమతో పని జరుపుకోవాలని చూస్తాడు కాబట్టి ఇలా అవుతుందని 1949 పుస్తకంలో ఆయన వివరించారు. 1957లో జార్జ్ మిల్లర్ దీనికి అడ్డు ప్రశ్న వేశారు. కోతి టైప్‌రైటర్ ముందు కూర్చుని ఖాళీ మీటతో సహా తోచిన మీటలు నొక్కితే పడే ‘మాటల్లో’ కూడా ఇలాంటి వాలే వస్తుందని గణితంతో చూపించారు. కోతికి అర్థం లేదు, పొదుపు చేయాలన్న తలంపూ లేదు. కాబట్టి వాలు ఒక్కటే చూసి మనసు గురించి ఏమీ చెప్పలేం. కథ అక్కడితో ఆగలేదు. 2010లో ఫెరర్ ఇ కాంచో, ఎల్వెవాగ్ కఠినమైన గణాంక పరీక్షలు పెట్టి, కోతి రాత అసలు పుస్తకాల లెక్కకు సరిపోదని తేల్చారు. జిఫ్ వివరణ దీనితో గెలిచినట్టు కాదు. పోలికకు నిలబెట్టిన ప్రత్యర్థి బలహీనమైనదని మాత్రమే తేలింది.

ప్రత్యర్థి ఎంపికలోనే సగం శాస్త్రం ఉంది. భాషలో ఏదీ యాదృచ్ఛికంగా ఉండదు కాబట్టి, పెద్ద పాఠాల సేకరణ (కార్పస్) ఉంటే ‘ఇదంతా యాదృచ్ఛికం’ అనే ప్రతిపాదనను ఎప్పుడైనా ఓడించవచ్చని, ఆ గెలుపుకు విలువ లేదని 2005లో ఆడమ్ కిల్గారిఫ్ హెచ్చరించారు. ఆ మాట ఎంత నిజమో నాలుగేళ్ళకే సింధు లిపి వివాదంలో కనిపించింది.

సింధు ముద్రల మీది గుర్తుల వరసలు చాలా చిన్నవి, సగటున అయిదు గుర్తులు. ఐరావతం మహదేవన్ 1977లో వాటన్నిటినీ పట్టికలుగా కూర్చి 417 వేర్వేరు గుర్తులను గుర్తించారు. 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ అనే ముగ్గురు, ఇవి అసలు భాషను రాసిన లిపే కాదని వాదించారు. 2009లో రాజేశ్ రావు, నిషా యాదవ్, మయాంక్ వాహియా, మహదేవన్ తదితరులు ‘సైన్స్’ పత్రికలో ఎదురు లెక్క చూపించారు. ఒక గుర్తు తెలిస్తే తర్వాతి గుర్తును ఊహించడం ఎంత కష్టమో కొలిచే ఎంట్రోపీ అది. పూర్తిగా యాదృచ్ఛికమైన వరసలో అది గరిష్ఠంగా, మార్పులేని కట్టుదిట్టమైన వరసలో కనిష్ఠంగా ఉంటుంది. సింధు గుర్తులు మధ్యలో, తమిళం, సంస్కృతం, సుమేరియన్ వంటి భాషల పక్కన నిలిచాయి.

చూడగానే ఒప్పించే బొమ్మ అది. అభ్యంతరం పోలిక మీద వచ్చింది. ఆ రెండు కొసల్లోని వరసలు నిజమైన సమాజాలు వాడిన గుర్తులు కావు, కంప్యూటర్‌లో తయారుచేసినవి. భాష కాకపోయినా ఓ క్రమం ఉండే గుర్తులు లోకంలో చాలా ఉన్నాయి: మెసొపొటేమియా సరిహద్దు రాళ్ళ మీది దేవతల చిహ్నాలు, టోటెం స్తంభాలు, చివరికి వాతావరణ సూచనల్లోని బొమ్మలు. అవి కూడా మధ్యలోనే పడితే ఎంట్రోపీ ఏమీ తేల్చలేదు. రిచర్డ్ స్ప్రోట్ అలాంటి వాటిని సేకరించి, 2014లో భాషలతో పోల్చి, ఎంట్రోపీ ఆ రెండు రకాలను విడదీయలేదని ప్రకటించారు. రావు బృందం తమ వాదన ఎంట్రోపీ ఒక్కదాని మీదే నిలవలేదని, గుర్తుల వరసల్లోని ఇతర లక్షణాలతో కలిపి చూడాలని చెబుతూ వచ్చింది. సింధు గుర్తులు లిపి కాదని ఎవరూ నిరూపించలేదు, అవునని నిరూపించే బరువు కూడా ఆ అంకెకు లేదు. అయినా ఈ గొడవ నుంచి దక్కిన లాభం గట్టిది. ఇప్పుడు ఎవరు కొత్త కొలత తెచ్చినా, భాష కాని అసలు గుర్తుల మీద దాన్ని ముందు పరీక్షించి రావాల్సిందే.

ముందు తెలిసినదాని మీద పరీక్షించి, తర్వాతే తెలియనిదాని జోలికి పోవడం ఎలాగో 1964లో మోస్టెలర్, వాలెస్ చూపించారు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 12 హామిల్టన్ రాసినవా, మాడిసన్ రాసినవా అన్నది తేలలేదు. కర్త ఎవరో ఖాయంగా తెలిసిన వ్యాసాల్లో చిన్నచిన్న మాటలు లెక్కపెడితే, ‘మీద’ అనే అర్థంలో ‘అపాన్’ అన్న మాటను హామిల్టన్ వెయ్యి మాటలకు మూడుసార్లు దాకా వాడతారని, మాడిసన్ దాదాపు వాడరని తెలిసింది. ఇలాంటి మాటలెన్నిటినో కలిపి తూచాక ఆ 12 వ్యాసాలూ మాడిసన్ వైపే మొగ్గాయి.

కొలిచే ముందు దేన్ని కొలుస్తున్నామో తేల్చుకోవాలి. ‘స్త్రీ’ తెలుగువారికి ఒక అక్షరం. యూనికోడ్ లెక్కలో అది ఆరు గుర్తులు, యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. తరచుగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయన్న నియమాన్ని తెలుగులో పరీక్షించాలంటే, పొడవు అనేది ఈ మూడింటిలో ఏదో ముందు చెప్పి తీరాలి.

గణితం ఒప్పుకున్నంత మాత్రాన భాష ఒప్పుకున్నట్టు కాదు. 1957లో నోమ్ చామ్‌స్కీ, వ్యాకరణం సరిగా ఉండి అర్థం లేని ఒక వాక్యాన్నీ, దాన్నే తలకిందులు చేసిన మాటల కుప్పనూ పక్కపక్కన పెట్టారు. రెండూ అంతకుముందు ఎవరూ అనలేదు కాబట్టి గణాంక నమూనా రెండిటినీ ఒకేలా తోసిపుచ్చుతుందన్నారు. దశాబ్దాల పాటు అది తేలిపోయిన విషయంగానే చెలామణీ అయింది. 2000లో ఫెర్నాండో పెరేరా వార్తాపత్రికల పాఠం మీద ఒక మామూలు గణాంక నమూనాకు శిక్షణ ఇచ్చి నిజంగా లెక్కించి చూస్తే, వ్యాకరణబద్ధమైన వాక్యానికి రెండు లక్షల రెట్లు ఎక్కువ సంభావ్యత వచ్చింది. మాటలను వాటి తీరును బట్టి గుంపులుగా చేర్చడమే అందులోని కిటుకు. చామ్‌స్కీ మొత్తం సిద్ధాంతం దీనితో కూలదు. ఆ ఒక్క వాదం మాత్రం కూలింది. లెక్కించి చూడడానికి 43 ఏళ్ళు పట్టడం విచారించాల్సిన సంగతి.

దీనికి ఎదురు దిక్కున స్టువర్ట్ షీబర్ 1985 వ్యాసం నిలుస్తుంది. మనిషి భాషల వాక్యాలకు ఒక స్థాయి వరకు ఉన్న గణిత వ్యాకరణాలు చాలునా అన్నది ప్రశ్న. చాలవని అంతకుముందు ఎందరో ఇచ్చిన రుజువులను 1982లో పుల్లమ్, గజ్దార్ ఒక్కొక్కటిగా తప్పని చూపించారు. కొన్నింటిలో గణితం తప్పు, కొన్నింటిలో భాషా సమాచారం తప్పు. షీబర్ స్విస్ జర్మన్ మాట్లాడేవారి దగ్గరికే వెళ్ళారు. ఆ భాషలో నామవాచకాలన్నీ ముందు ఒక వరసలో వచ్చి, వాటి క్రియలు తర్వాత అదే వరసలో వస్తాయి. ఏ క్రియ ఏ విభక్తిని కోరితే ఆ నామానికి అదే ఉండాలి. విభక్తులు తారుమారైన వాక్యాలను అక్కడివారు ఒప్పుకోలేదు. ఈ వాస్తవం చేతికొచ్చాక చాలదన్న రుజువు కొద్ది పుటల్లో పూర్తయింది, ఇప్పటికీ నిలబడి ఉంది.

భాషల వయసు విషయంలో ఇంత నిశ్చయం రాలేదు. మూల పదజాలంలో వెయ్యేళ్ళకు 86 శాతం నిలుస్తుందని 1950లలో మోరిస్ స్వాదేశ్ ఒక గడియారం కట్టారు. 1962లో బెర్గ్‌స్లాండ్, వోగ్ట్ చరిత్ర తెలిసిన భాషల మీద దాన్ని పెట్టి చూశారు. ఐస్‌లాండిక్ ఆ వేగానికి చాలా వెనకబడి, దాదాపు పాత పదాలతోనే ఉండిపోయింది. గడియారం పక్కకు పోయింది. 2003లో గ్రే, అట్కిన్సన్ వేగం మారవచ్చని ఒప్పుకునే కొత్త పద్ధతితో ఇండో-యూరోపియన్ వయసు 7,800 నుంచి 9,800 ఏళ్ళన్నారు. 2015లో చాంగ్ బృందం లాటిన్ వంటి పాత భాషలను నేటి భాషలకు పూర్వీకులుగా ముందే స్థిరపరిచి లెక్క కడితే వయసు సుమారు 6,500కు దిగింది. 2023లో హెగర్టీ బృందం మళ్ళీ 8,100 అంది. ద్రావిడ భాషలకు 2018లో విష్ణుప్రియ కొలిపాకం బృందం 20 భాషల వారి నుంచి నేరుగా సేకరించిన మాటలతో సుమారు 4,500 ఏళ్ళు చెప్పింది. ఆ అంకె చుట్టూ వేల ఏళ్ళ వెడల్పున్న అనిశ్చితి ఉందని, పెద్ద శాఖలు ఏ వరసలో విడిపోయాయో స్పష్టం కాలేదని కూడా ఆ వ్యాసమే రాసింది. పత్రికల శీర్షికల్లోకి అంకె ఒక్కటే ఎక్కింది, వెడల్పు ఎక్కలేదు.

చుట్టరికం మరో రకమైన బోను కూడా బిగిస్తుంది. 1888లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక సభలో లేవనెత్తిన సందేహం ఇది: ఒకే మూలం నుంచి వచ్చిన జాతులను విడివిడి సాక్షులుగా లెక్కపెట్టవచ్చా? 2013లో ఆర్థికవేత్త కీత్ చెన్, భవిష్యత్తుకు వేరే క్రియారూపం తప్పనిసరి కాని భాషలవారు ఎక్కువ పొదుపు చేస్తారని చూపిన వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. (మనం ‘రోజూ వస్తాను’ అన్నా ‘రేపు వస్తాను’ అన్నా క్రియ ఒకటే.) 2015లో రాబర్ట్స్, వింటర్స్‌తో కలిసి చెన్ స్వయంగా భాషల చుట్టరికాన్ని లెక్కలోకి తెచ్చి మళ్ళీ చూశారు. సంబంధం చాలావరకు బలహీనపడింది. తన ఫలితాన్ని తానే పరీక్షకు పెట్టి, వచ్చినది ప్రచురించిన ఈ పని మొదటి వ్యాసం కంటే విలువైనది. పేరు మాత్రం మొదటిదానికే వచ్చింది.

యంత్రాల రంగం పరీక్షను దెబ్బ తిని నేర్చుకుంది. 1954 జనవరిలో జార్జ్‌టౌన్, ఐబీఎం కలిసి 250 మాటలు, ఆరు నియమాలతో అరవైకి పైగా రష్యన్ వాక్యాలను అనువదించి చూపించాయి. వాక్యాలు ముందే ఎంచినవి. మూడు నుంచి అయిదేళ్ళలో సమస్య తీరుతుందన్న ఆశలు 1966లో ఆల్పాక్ అనే కమిటీ ఇచ్చిన నివేదికతో ఆరిపోయాయి, నిధులూ ఎండిపోయాయి. 1980ల మధ్య నుంచి పని కొత్త షరతుతో మళ్ళీ సాగింది: అందరికీ ఒకే పని, ఒకే కొలమానం, ముందుగా ఎవరికీ చూపని పరీక్షపత్రం. 2002లో ఐబీఎంలో కిషోర్ పాపినేని, సహచరులు అనువాదాలను యంత్రమే దిద్దే బ్లూ అనే కొలమానం ఇచ్చారు. మనిషి అనువాదంతో ఎన్ని మాటలు, ఎన్ని మాటల వరసలు కలిశాయన్నదే అందులోని లెక్క. 2021లో ఒక బృందం 769 యంత్రానువాద వ్యాసాలు పరిశీలిస్తే దాదాపు అన్నీ దాని మీదే నిలిచాయి. తెలుగుకు అది సరిపోయే కొల కాదు. మనిషి ‘వెళ్ళలేకపోయాడు’ అని, యంత్రం ‘వెళ్లలేకపోయాడు’ అని రాస్తే పత్రికల్లో రెండూ చెల్లుతాయి, బ్లూ దృష్టిలో మాత్రం మాట మొత్తం తప్పు. 2015లో మాయా పొపోవిచ్ అక్షరాల వరసలతో కొలిచే పద్ధతి తెచ్చాక ఈ అన్యాయం కొంత తగ్గింది.

పరీక్షపత్రం లోపల కూడా మోసం దాగి ఉండవచ్చు. రెండు వాక్యాలిచ్చి, రెండోది మొదటిదానికి అనుగుణమా, విరుద్ధమా, రెండూ కాదా అని అడిగే పరీక్ష ఒకటి చాలాకాలం యంత్రాల అవగాహనకు గీటురాయిగా నడిచింది. 2018లో గురురంగన్ బృందం మొదటి వాక్యాన్ని దాచిపెట్టి రెండోదే చూపించింది. అయినా యంత్రం 67 శాతం సరిగా చెప్పింది, గుడ్డిగా చెబితే వచ్చేది 33. విరుద్ధ వాక్యాలు రాయమంటే జనం ‘లేదు’, ‘ఎవరూ’, ‘నిద్రపోతున్నాడు’ వంటి మాటలు రాస్తూ పోయారు, యంత్రం ఆ జాడ పట్టుకుంది. సగం ప్రశ్న దాచి చూడడమనే తేలికైన తనిఖీ కొన్నేళ్ళపాటు ఎవరికీ తట్టలేదు.

పెద్ద భాషా నమూనాలతో ఇబ్బంది ఇంకా ముదిరింది. ఇంటర్నెట్ అంతా చదివిన యంత్రం పరీక్షపత్రాన్నీ చదివి ఉండవచ్చు. 2020లో జీపీటీ-3 వ్యాసంలోనే దాని కర్తలు, పరీక్షల పాఠాన్ని శిక్షణ నుంచి ఏరేసే ప్రోగ్రాంలో లోపం వల్ల కొంత మిగిలిపోయిందని, ఖర్చు కారణంగా మళ్ళీ శిక్షణ ఇవ్వలేకపోయామని రాశారు. అలా రాసుకున్నందుకు మెచ్చుకోవాలి. శిక్షణలో ఏ పాఠం వాడారో చెప్పని నమూనాల విషయంలో బయటివారికి ఆ తనిఖీ చేసే దారే లేదు.

తెలుగు ఈ పరీక్షల్లో ఎలా కనిపిస్తోందో చూస్తే కలవరం కలుగుతుంది. వాక్య నిర్మాణం గుర్తించిన అంతర్జాతీయ సేకరణలో తెలుగుకున్నవి దాదాపు 1,300 వాక్యాలు, అవీ వ్యాకరణ గ్రంథంలోని ఉదాహరణలు. సగటున అయిదు మాటల వాక్యాలు. కోర్టు తీర్పులో, కథలో, బస్సులో వినిపించే వాక్యం అలా ఉండదు. అనువాదాన్ని కొలిచే ఫ్లోరెస్ వాక్యాలు ఇంగ్లీషు వికీ పుటల నుంచి తెలుగు చేసినవి, కాబట్టి అక్కడి తెలుగు ఇంగ్లీషు వెంట నడిచిన తెలుగు. 2020లో వచ్చిన టైడై క్యూఏ అనే ప్రశ్నోత్తరాల సేకరణ వేరు దారి పట్టింది. తెలుగుతో కలిపి 11 భాషల్లో, ఆ భాష మాట్లాడేవారే, జవాబు తమకు తెలియని ప్రశ్నలను తమ భాషలోనే రాశారు. శ్రీకాకుళం మాటకూ, తెలంగాణ మాటకూ, రాయలసీమ మాటకూ ఇలాంటి సేకరణలు విడివిడిగా కావాలి. ఒకే జవాబుపత్రాన్ని కనీసం ఇద్దరు విడివిడిగా దిద్ది, వారు ఎంతవరకు ఏకీభవించారో అంకెతో పాటు అచ్చువేయాలి. అందులో కొంత భాగాన్ని వెబ్‌లో పెట్టకుండా ఏటా కొత్తగా రాయించే బాధ్యత విశ్వవిద్యాలయాలో, అకాడమీలో తీసుకుంటే, తెలుగు వచ్చునని చెప్పుకునే ఏ యంత్రాన్నయినా దానికి తెలియని ప్రశ్నల ముందు కూర్చోబెట్టవచ్చు.